పైరెప్ప వాలిపోతోంది: ఏ ఆపరేషన్ ఎవరికి? చెన్నైలో చేయించుకున్నవాళ్లు చెప్పండి

వేలచేరి వాణి
అమ్మకి 64 ఏళ్లు. కుడి పైరెప్ప ఏడాదిగా జారుతోంది. టీవీ చూడాలన్నా గడ్డం పైకెత్తాల్సిందే. కనుబొమలు ఎగరేసి ఎగరేసి సాయంత్రానికి నుదురు నొప్పంటుంది. ఒక డాక్టర్ గారు పైనుంచి కోత పెట్టి కండరం బిగిస్తామన్నారు, ఇంకొకరు రెప్ప లోపలి వైపు నుంచి చేయొచ్చన్నారు. పక్కింటావిడేమో చర్మం కాస్త తీసేస్తే చాలంటోంది. మూడూ ఒకటేనా? టెన్షన్‌గా ఉంది.

పెరంబూర్ ప్రసాద్
ఒకటి కాదండీ. చర్మం వదులై రెప్ప మీద మడతలా వేలాడితే ఆ చర్మం తీసేస్తారు, దాన్ని బ్లెఫరోప్లాస్టీ అంటారు. రెప్ప అంచే కిందికి దిగితే అది టోసిస్. ఎంత చర్మం తీసినా అంచు లేవదు.

వయసులో వచ్చేదాంట్లో ఎక్కువమందికి రెప్పని ఎత్తే లెవేటర్ కండరం బాగానే ఉంటుంది. అది రెప్పకి అతుక్కునే పల్చటి పొర సాగిపోతుంది. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకీ, ఏళ్ల తరబడి కాంటాక్ట్ లెన్స్ వాడినవాళ్లకీ ఇదే వస్తుందట. నాకు పైనుంచి కోత పెట్టి ఆ పొరనే ముందుకు లాగి కుట్టారు. రెప్పకి మాత్రమే మత్తు. మధ్యలో “కళ్లు తెరవండి, పైకి చూడండి” అంటూ ఎత్తు సరిచూస్తారు. మనం మెలకువగా ఉండాల్సింది అందుకే.

ఒకటి మాత్రం ముందే అడగండి. నాకు ఎడమది ఎత్తగానే, అంతవరకూ బాగున్న కుడిది కొంచెం దిగింది. మెదడు రెండు రెప్పలకీ ఒకే మోతాదులో ఆదేశం పంపుతుందట. ఒకదాని కోసం పడే శ్రమ తగ్గితే రెండోదానికీ తగ్గుతుంది. నాకు చేసినచోట ఈ ముక్క ముందు చెప్పలేదు, ఆ కోపం ఇంకా ఉంది.

అడయార్ శ్రీదేవి
లోపలి వైపు నుంచి చేసేది నాది. ముందు ఫినైల్‌ఎఫ్రిన్ చుక్క వేసి కొన్ని నిమిషాలు కూర్చోబెడతారు. రెప్ప లేస్తే, లోపలుండి రెప్పని కాస్త ఎత్తే ముల్లర్ అనే చిన్న కండరాన్ని కుదించే ఆపరేషన్ పనిచేసే అవకాశం ఎక్కువ. పైకి మచ్చే లేదు. బాగా వాలిపోయిన రెప్పకి మాత్రం ఇది సాధారణంగా సరిపోదు.

సూళ్లూరుపేట నాన్న
మా బాబుది పుట్టుకతో వచ్చింది. సూళ్లూరుపేట లోకల్‌లో చెన్నై తీసుకొచ్చి చూపించాం. కనుబొమని వేలితో నొక్కిపట్టి, కిందికీ పైకీ చూడమని, రెప్ప ఎంత కదిలిందో స్కేలుతో కొలిచారు. 4 మి.మీ. లోపే. అంత బలహీనమైన కండరాన్ని బిగించి లాభం లేదు కాబట్టి సిలికాన్ తాడుతో రెప్పని నుదుటి కండరానికి కట్టారు. తొడలోంచి తీసిన పొరతోనూ కొందరికి చేస్తారు. ఇప్పుడు కనుబొమ ఎగరేస్తే కన్ను తెరుచుకుంటుంది. నిద్రలో కాస్త తెరిచే ఉంటుంది, అందుకే రాత్రి ఆయింట్‌మెంట్. కంటిపాప మూసుకుపోతుంటే పిల్లలకి ఆగకూడదు, ఆ కంట్లో చూపే సరిగా ఎదగదు.

టీ నగర్ మూర్తి
వాణి గారూ, పొద్దున బాగుండి సాయంత్రానికి మరీ వాలుతోందా? వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయా? మా బాబాయికి అలాగే ఉంటే రెండు నిమిషాలు ఐస్ పెట్టి చూశారు, రెప్ప లేచింది. తర్వాత రక్తపరీక్షలు చేసి మయస్తీనియా అన్నారు, కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బట. కత్తితో పనిలేకుండా మాత్రలతో నడుస్తోంది.

ఎవరికైనా ఉన్నట్టుండి రెప్ప వాలి, తలనొప్పి వచ్చి, ఒక కంటిపాప పెద్దదైతే తెల్లారేదాకా ఆగొద్దు. మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతుండొచ్చు. నేరుగా ఎమర్జెన్సీకి.

అడయార్ శ్రీదేవి
ఇన్సూరెన్స్ వాళ్లు అందం కోసమంటే పైసా ఇవ్వరు. చూపుకి అడ్డమని చూపించడానికి విజువల్ ఫీల్డ్ టెస్టు (పైకీ పక్కలకీ ఎంతమేర కనిపిస్తోందో చూసేది), ఫోటోలు ముందే తీయించండి. అమ్మగారు ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టర్‌ని అడగండి.

రెప్పని లేపే చుక్కల మందు గురించి వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆక్సిమెటాజోలిన్ 0.1 శాతం చుక్కలకి 2020లో అమెరికాలో అనుమతి వచ్చిన మాట నిజమే. పనిచేసేది కొన్ని గంటలే. అదే పేరుతో ముక్కు దిబ్బడకి అమ్మే మందు కంట్లో వేయకండి!

వేలచేరి వాణి
అందరికీ థాంక్సండీ. ఈరోజు నుంగంబాక్కంలో ఓక్యులోప్లాస్టీ (కనురెప్పల ఆపరేషన్లు చేసే) డాక్టర్‌కి చూపించాం. అమ్మకి పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంది, రెండుగా కనిపించడం లేదు. లెవేటర్ కదలిక 13 మి.మీ., బాగుందన్నారు. శ్రీదేవి గారు చెప్పిన ఆ పరీక్ష చుక్క వేసినా రెప్ప పెద్దగా లేవలేదు, కాబట్టి పైనుంచే చేస్తామన్నారు. రెండో కన్ను దిగుతుందా అని అడిగితే, అమ్మ వాలిన రెప్పని వేలితో ఎత్తిపట్టి ఎడమది చూశారు. దిగలేదు. ప్రసాద్ గారూ, కుట్లు తీసేటప్పుడు నొప్పి ఉంటుందా? అమ్మ అదొక్కటే అడుగుతోంది.

పెరంబూర్ ప్రసాద్
చీమ కుట్టినట్టు, అంతే. మొదటి రెండు రోజులు వాపు చూసి మాత్రం భయపడొద్దనండి. చూపు తగ్గినా, నొప్పి ఎక్కువైనా వెంటనే ఫోన్ చేయాలి.