నోట్లో ఊదితే ఛాతీ లేవలేదు, ఎక్కడ తప్పు చేశాను?

గుణుపూర్ కుర్రాడు:
పోయిన వారం వంశధారలో పదేళ్ల పిల్లాడు మునిగిపోతే ఒడ్డుకు లాక్కొచ్చాం. ఊపిరి లేదు. ఒకాయన పొట్ట నొక్కి నీళ్లు కక్కించమంటాడు, ఇంకొకాయన కాళ్లు పట్టుకుని తలకిందులు చెయ్యమంటాడు, నేనేమో కాలేజీలో ఎప్పుడో బొమ్మ మీద నేర్పింది గుర్తు తెచ్చుకుని ఊదాను. గాలంతా బుస్సుమని ముక్కులోంచి బయటికొచ్చేసింది. టెన్షన్‌లో ఇంకా గట్టిగా ఊదితే పొట్ట ఉబ్బింది గానీ ఛాతీ కదల్లేదు. ఇంతలో ఎవరో పెద్దాయన తల సరిచేసి నాలుగైదు సార్లు ఊదితే పిల్లాడు దగ్గి కక్కాడు. ఆయన చేసిందేంటి, నేను చెయ్యనిదేంటి?

రాయగడ సిస్టర్:
తల వెనక్కి వంచలేదు, ముక్కు మూయలేదు, అంతే తమ్ముడూ. స్పృహ లేనప్పుడు నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడిపోతుంది. ఒక చెయ్యి నుదుటి మీద పెట్టి, రెండో చేతి వేళ్లతో గడ్డం ఎముక పట్టుకుని పైకెత్తాలి, కింద మెత్తటి చోట నొక్కకూడదు. నుదుటి మీది చేతి వేళ్లతోనే ముక్కు మూసి, నోటికి నోరు బిగించి ఒక్క సెకను ఊదు, ఛాతీ కొంచెం లేస్తే చాలు. గట్టిగా ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతవుతుంది, పొట్ట నొక్కినా అదే గొడవ. ఛాతీ లేవకపోతే తల మళ్లీ సర్దు, కానీ రెండు సార్లకి మించి దాని మీదే కూర్చోకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టు: 30 నొక్కులకి 2 ఊపిరులు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. పక్కనున్నవాళ్లు ఊరికే చూడకుండా 108కి ఫోన్ చెయ్యాలి. నీళ్లలో మునిగినవాళ్లకి మాత్రం మొదట ఊపిరే ఇవ్వాలి.

పర్లాకిమిడి మాస్టారు:
మనం వదిలేది చెడ్డగాలి కదమ్మా, దాన్ని ఊదితే ఏం లాభం?

రాయగడ సిస్టర్:
పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలేదాంట్లో ఇంకా 16 దాకా మిగిలే ఉంటుంది మాస్టారూ, సరిపోతుంది. ఏడాది లోపు పిల్లలైతే తల అంతగా వంచకుండా నిటారుగా ఉంచి, నోరూ ముక్కూ కలిపి మన నోటితో మూసి, బుగ్గలో పట్టేంత గాలే ఊదాలి. తమ్ముడూ, ఆ పిల్లాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లారా లేదా? లేచి కూర్చున్నా కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

గుణుపూర్ కుర్రాడు:
లేదక్కా, తుండుతో తుడిచి, వేడి టీ పట్టించి ఇంటికి పంపేశారు. మీరన్నాక భయమేసి ఇప్పుడే వాళ్లింటికి వెళ్లొచ్చాను. వాడు లేడు, మళ్లీ రేవుకే వెళ్లాడట.