నేలఉసిరి, నేలవేము: ఈ "నేల" సంగతేంటి?

పచ్చకామెర్లకి మా అత్తగారు నేలఉసిరి పసరు అంటారు, మా అమ్మేమో నేలవేము కషాయం అంటుంది. రెండూ లివర్‌కే అంటారు కదా, మరి ఈ నేల ఏంటండీ, పొట్టి ఉసిరి, పొట్టి వేప అనా?

>> పొట్టి అనేది కరెక్టే గానీ ప్రతిసారీ చుట్టరికం ఉండదండి. నేలఉసిరి వానలకి గట్ల మీద జానెడెత్తు లేస్తుంది, రెమ్మ తిప్పి చూడండి, ఆకుల కింద వరసగా బుల్లి ఉసిరికాయలే వేలాడుతుంటాయి, చీకటి పడితే ఆకులు ముడుచుకుంటాయి. ఇది ఉసిరి చెట్టుకి నిజంగానే చుట్టం, శాస్త్రం లెక్కన రెండూ ఫిల్లాంతస్ అనే ఒకే జాతి. నేలవేముకి మాత్రం వేపతో ఏ సంబంధం లేదు, చేదు చూసి పెట్టేశారంతే. సంస్కృతంలో భూమ్యామలకి (ఆమలకి అంటే ఉసిరి), భూనింబ (నింబ అంటే వేప) అన్నదీ ఇదే లెక్క. తమిళంవాళ్ళు నేలఉసిరిని కీళానెల్లి, అంటే కింది ఉసిరి అంటారు, వాళ్ళ కన్ను ఆకు కిందున్న కాయ మీద పడిందన్నమాట.

>> ఫార్మసీ వైపు నుంచి ఒక మాట మేడమ్. ల్యాబ్‌లో ఎలకలకి కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే లివర్‌ని పాడుచేసే విషం ఇస్తారు, లివర్ ఎంజైమ్ దాన్ని విరగ్గొడితే వచ్చే ముక్క కణాల పొరల్లోని కొవ్వుని పాడుచేస్తుంది, నేలఉసిరి సారం పట్టించిన ఎలకల్లో ఆ దెబ్బ తగ్గింది. కాకపోతే ఇలాంటి వాటిల్లో చాలావరకు సారం ముందు ఇస్తారు, విషం తర్వాత. అందుకే "కాపాడింది" అనాలి, "నయం చేసింది" అంటే నేనొప్పుకోను. 1988లో మద్రాసు వాళ్ళు హెపటైటిస్-బి ఉన్న 37 మందికి 30 రోజులు ఈ పొడి ఇస్తే 22 మందిలో రక్తంలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, పెద్ద సంచలనం, తర్వాత వేరేచోట్ల చేస్తే ఆ ఫలితం రాలేదు.

అయితే పారాసిటమాల్ బిళ్ళలు ఎక్కువ మింగి లివర్ దెబ్బతినేవాళ్ళకి పసరు పోస్తే?

>> అమ్మో, వద్దు! వెంటనే ఆసుపత్రికే, దానికి విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఇంకోటి, ఆకు మందే కదా ఏమవుతుందిలే అనుకోకండి, కరోనా టైంలో తిప్పతీగ తెగ తాగి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబైలో డాక్టర్లు 2021లో రాశారు, దేశీ వైద్యాలు చూసే ఆయుష్ శాఖ ఒప్పుకోలేదనుకోండి.

>> మధ్యలో నాదో డౌటు, మరి నేలములక?

>> అది వంగ జాతేనండి, ములకకీ చుట్టమే. ఒళ్ళంతా ముళ్ళు, కొయ్యాలంటే చేతికి గుడ్డ చుట్టుకోండి.