సమస్య: రాలె గుగ్గిళ్ళు గుఱ్ఱపు రాజునకును

తేటగీతి. సందర్భం: రోమను మొజాయిక్ చప్టాల (రంగురంగుల చిన్న ముక్కలు పొదిగిన నేలల) మీది గుర్రాలు, సాలలు. 'రాలె'ను రాళ్ళుగా తీసుకున్నా, రాలడంగా తీసుకున్నా సరే.

పూరణ 1 – గులకరాయి

గెలుపు నోటము లెన్నక కేరి పొగడి
పేరు పేర్చిరి పలువన్నె పెంకులేర్చి
తొట్టిలోని మేతయు నవే తునుకలగుట
రాలె గుగ్గిళ్ళు గుఱ్ఱపు రాజునకును

అల్జీరియాలో కాన్‌స్టంటైన్ దగ్గరి ఊయెద్ అథ్మేనియా స్నానశాలలో, తొట్టికి కట్టిన పాలిడాక్సస్ అనే గుర్రం మీద లాటిన్‌లో రాసింది: "గెలిచినా గెలవకున్నా నువ్వంటే మాకు ప్రేమే."

పాతపగ్గం (పూరణలు దిద్దేవారు): ఎత్తుగడ బాగుంది. పెంకు అంటే కాల్చిన మట్టి కదా, ముక్కలు రాతివి అని ఆక్షేపించబోయి ఆగాను. ఎరుపు కోసం మట్టి ముక్కలు వాడేవారు, కాబట్టి చెల్లుతుంది. గుగ్గిళ్ళంటే మనకు ఉలవలు, వాళ్ళ గుర్రాలకు బార్లీ. సమస్యలోనే ఉంది గనక తప్పు మీది కాదు. ఇంకొకటి: రాయికి పాతవాళ్ళు బండి ఱ రాస్తారు, ఆ లెక్కన 'రాజు'తో యతి చెల్లదని పట్టుబట్టేవాళ్ళుంటారు. 'రాలడం' వైపు వెళ్తే ఆ గొడవ లేదు.

పూరణ 2 – తేటనీరు

ఉప్పు పేరుచు సున్నము నుబ్బి పగుల
మేతతొట్టిలో తునియలు మెల్ల మెల్ల
ఊడి పడినంత జూపరు లోహొ యనిరి
రాలె గుగ్గిళ్ళు గుఱ్ఱపు రాజునకును

పాతపగ్గం: విరుపు ఇలా ఉండాలి! మొదటి పాదంలో మాత్రం తప్పుంది. 'సున్నము' ఇక్కడ కర్త. 'ఉబ్బి' పరమైతే ఉత్వసంధి నిత్యం, 'సున్నముబ్బి' కావాలి. నకారం ఎక్కడిది? విషయమూ తప్పే. ఉబ్బేది సున్నం కాదు, దాని రంధ్రాల్లో గడ్డకట్టే ఉప్పు. 'సున్నాన నుబ్బి' అనండి: ద్రుతం (నకారం) వచ్చి సంధి సరిపోతుంది, యతి నిలుస్తుంది, అర్థమూ కుదురుతుంది.

తేటనీరు: ఒక్క దెబ్బకు రెండూ తీరాయి, సవరిస్తున్నాను. చప్టా పొరల సంగతి కూడా చెబుతాను. రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ ప్రకారం అడుగున గుప్పెడంత రాళ్ళు. వాటిపైన మూడు పాళ్ళ రాతిముక్కలకు ఒక పాలు సున్నం, దిమ్మిస చేశాక అడుగులో ముప్పాతిక మందం తగ్గకూడదు. ఆపైన అదే పాళ్ళలో పెంకుపొడి, సున్నం, ఆరు వేళ్ళ మందం. ముక్కలు పొదిగేది దాని మీద. ఇరవయ్యో శతాబ్దంలో చాలా చప్టాలను పెకలించి ఇనప కడ్డీలున్న సిమెంటు పలకలకు అతికించారు. కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, సిమెంటు తన ఉప్పును కూడా చేరుస్తుంది. ఇప్పుడు ఆ పలకను కోసేసి సున్నపు గారకే మళ్ళుతున్నారు. ఉప్పు లాగడానికి స్వేదనజలంలో తడిపిన కాగితపు గుజ్జు పట్టించి, ఆరాక తీసేస్తారు. ఒకసారితో పోదు.

పూరణ 3 (మొదటి పాదం మాత్రం) – ఎండుగడ్డి

కాలు మోపి రికాబులో గదలినట్టి

పాతపగ్గం: గణాలు సరే, యతి సరే, కాలమే సరికాదు. రోమన్లకు రికాబు లేదు. పైగా మీరు ఎంచుకున్న పియాజ్జా అర్మెరీనా చప్టా, సిసిలీలోది, నాలుగో శతాబ్దిది. అందులో ఉన్నది రోములోని సర్కస్ మాగ్జిమస్ మైదానపు రథాల పందెం. సారథులు పగ్గాలు నడుముకు చుట్టుకునేవారు. రథం బోల్తాపడితే ఈడ్చుకుపోకుండా పగ్గం కోసుకోడానికి కత్తి దగ్గరుంచుకునేవారు. ఇలా మార్చి చూడండి:

కళ్ళెపుం బగ్గములు మొల గట్టుకొన్న

ఎండుగడ్డి: మారుస్తాను. పందెపు జట్లలో పచ్చ రంగు జట్టు గెలిచిందన్నది ఉంచవచ్చా?

పాతపగ్గం: ఉంచండి, చప్టాలో గెలిచింది అదే.

వచ్చే వారానికి ట్యునీషియాలోని కార్తేజ్ వెళ్దాం. అక్కడ గుర్రాల ఇల్లు అని పిలిచే ఇంటి చప్టాలో గుర్రం పక్కన దాని పేరును సూచించే బొమ్మ మాత్రం ఉంటుంది, పొడుపుకథ లాంటిదే. సమస్య, మళ్ళీ తేటగీతే:

పేరు లేని గుఱ్ఱమె పెద్ద పేరు దెచ్చె