హైదరాబాదులో అద్దె ఇల్లు: టోకెన్ ఇచ్చే ముందు ఏమేమి అడగాలి?

ప్రశ్న (విశాఖ నుంచి వచ్చిన ఉద్యోగిని):
నమస్కారమండీ. రాయదుర్గంలో ఉద్యోగం రావడంతో, మా అమ్మగారితో కలిసి ఉండటానికి కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల వైపు రెండు పడకగదుల ఇల్లు వెతుకుతున్నాను. యాప్‌లో ఫొటోలు చూసి ఫోన్ చేస్తే, అది నిన్ననే ఇచ్చేశామని చెప్పి, ఐదారు వేలు ఎక్కువ అద్దె ఉన్న మరో ఇంటికి తీసుకువెళ్తున్నారు. ఇల్లు చూపించకముందే "మీరేమిట్లు? మాంసం వండుతారా? ఇంట్లో మగవాళ్లెవరూ ఉండరా?" అని అడుగుతున్నారు. మా అమ్మగారి ఎదుట ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి రావడం నాకు చాలా బాధగా ఉంది. చివరికి ఒక ఇల్లు నచ్చింది కానీ, గంటలోగా పదివేలు టోకెన్ (ఇల్లు మనకే ఉంచడానికి ముందుగా ఇచ్చే సొమ్ము) పంపకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని, అగ్రిమెంటు చేరాక రాసుకుందామని మధ్యవర్తి అంటున్నాడు. పంపవచ్చునా?

జవాబు (మియాపూర్, అపార్ట్‌మెంట్ సంఘం మాజీ కార్యదర్శి):
పంపవద్దమ్మా. టోకెన్ తీసుకోవడం ఇక్కడ మామూలే గానీ, అది ఎవరి చేతికి వెళ్తోందో, ఇల్లు దక్కకపోతే తిరిగి ఇస్తారో లేదో తెలియకుండా ఇవ్వకూడదు. ఫ్లాట్ నంబరు, అద్దె, మెయింటెనెన్స్, అడ్వాన్సు, చేరే తేదీ, టోకెన్ వాపసు షరతు, ఇవన్నీ యజమాని తన ఫోన్ నుంచే వాట్సాప్‌లో రాసి పంపితే, ఆ తరువాత యజమాని ఖాతాకే డబ్బు వేయండి. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తామంటే కంగారు పడవద్దు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి ఇక్కడ చాలామంది అలాగే రాసుకుంటారు.

అద్దె కంటే ముందు నీటి సంగతి తేల్చుకోండి. మంజీరా నీరు, అంటే నగర సరఫరా కుళాయి నీరు, వస్తుందని అందరూ చెబుతారు. ఎన్ని రోజులకొకసారి, ఎంతసేపు వస్తుందో చెప్పేవారు తక్కువ. బాత్రూము కుళాయి మూతి చుట్టూ, గోడ పలకల మీద తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే, వాడకానికి ఎక్కువగా బోరు నీరే వస్తోందని అనుకోవచ్చు. బోరు ఎండిపోయే ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పించి ఆ ఖర్చును మెయింటెనెన్స్‌లో కలిపే భవనాలు మన వైపు చాలా ఉన్నాయి. అందుకని పోయిన వేసవి మెయింటెనెన్స్ రసీదు చూపించమని అడగండి. ఈ నెలది చూసి లెక్క వేసుకుంటే మోసపోతారు.

జవాబు (కొండాపూర్‌లో అద్దెకుంటున్న మహిళ):
కులం అడిగి ఇల్లు ఇవ్వడం తప్పు, దాన్ని మనం మామూలు విషయంగా తీసుకోకూడదు. అలా అడిగిన ఇంట్లో చేరినా, రేపు మన వంటింటి వాసన మీద, మనింటికి వచ్చే చుట్టాల మీద కూడా వాళ్ల నిఘా ఉంటుంది. నేనైతే యాప్‌లు వదిలేసి, ఆదివారం ఉదయం వీధులు తిరిగి టు-లెట్ బోర్డులు చూశాను, వాచ్‌మన్‌లను అడిగాను. ఏ ఫ్లాట్ ఎప్పుడు ఖాళీ అవుతుందో, పాత అద్దెదారు ఎందుకు వెళ్తున్నారో వాచ్‌మన్ భార్యకు తెలిసినంతగా మధ్యవర్తికి తెలియదు.

ఇంకొక మాట. సైన్యంలో ఉన్నానని, బదిలీ అయిందని చెప్పి, ఇల్లు చూపించకుండానే, స్కాన్ చేస్తే డబ్బు మీకే వస్తుందంటూ క్యూఆర్ కోడ్ పంపేవాళ్లు దొంగలు. మనకు డబ్బు రావడానికి పిన్ నొక్కవలసిన అవసరమే లేదు. ఎవరైనా అలా పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

జవాబు (ఇంటి యజమాని, నల్లగండ్ల):
మా వైపు మాట కూడా వినండి. కరెంటు బిల్లులు కట్టకుండా వెళ్లిపోయిన అద్దెదారు మాకూ తగిలాడు కనుక ఆధార్, ఉద్యోగ వివరాలు అడుగుతాం. అందులో తప్పు లేదు. కానీ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం అగ్రిమెంటులో లేకపోతే న్యాయం కాదు. చేరిన రోజునే గోడలు, గీజరు, తలుపుల గడియలు, మీటరు రీడింగు ఫొటోలు తీసి యజమానికి పంపించండి. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంటుంది. రాష్ట్రం స్వీకరిస్తేనే అది అమలవుతుంది గానీ, బేరమాడేటప్పుడు మీరు ఆ మాట ఎత్తవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ మధ్యవర్తిని యజమాని నంబరు అడిగితే ఇవ్వలేదు కాబట్టి ఆ ఇల్లు వదులుకున్నాను. మియాపూర్ మెట్రో దగ్గర వాచ్‌మన్ చూపించిన మరో ఇల్లు బాగుంది, యజమానురాలు మర్యాదగా మాట్లాడారు. అయితే అద్దె నగదుగానే కావాలని, పాన్ ఇవ్వలేనని అంటున్నారు.

జవాబు (మియాపూర్, మాజీ కార్యదర్శి):
మీరు పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోరుతుంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు మీ ఆఫీసువారు యజమాని పాన్ అడుగుతారు. అది లేకపోతే మీకు ఎంత పన్ను అదనంగా పడుతుందో లెక్క వేసి, ఆ మేరకు అద్దె తగ్గించమని అడిగి చూడండి. కొత్త విధానంలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ లేదు. అప్పుడు కూడా ప్రతి నెలా సంతకంతో రసీదు తీసుకోండి.