ఆచార్యుల నియామకంలో నిర్ణయం నిజానికి ఎవరిది?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
పెద్దలకు నమస్కారం. మా విభాగంలో ఖాళీ అయిన ఆచార్య పదవికి వెలువడిన ప్రకటనను చూశాను, కొన్ని నెలల తరువాత నియామక ఉత్తర్వునూ చూశాను. ఈ రెంటి మధ్య ఎవరెవరు కూర్చుని నిర్ణయించారో మాలో ఒక్కరికీ తెలియదు. ఉత్తర్వు మీద రిజిస్ట్రార్ సంతకం ఉంది. నియమించింది ఆయనేనా, వైస్ చాన్సలరా, ప్రభుత్వమా, లేక మా విభాగమేనా? అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు (విశ్రాంత ఆచార్యులు):
అమ్మా, సంతకం చేసేవారు వేరు, తేల్చేవారు వేరు. ఫ్రాన్స్‌లో ఆచార్యులను నియమించే ఉత్తర్వు సాక్షాత్తు దేశాధ్యక్షుని పేరున వెలువడుతుంది. అయినా అభ్యర్థిని ఎంచేది సగానికి తగ్గకుండా బయటివారు ఉండే ఎంపిక సంఘమే. జర్మనీలో విభాగం ఏర్పరచిన సంఘం సాధారణంగా మూడు పేర్లను వరుసక్రమంలో పంపుతుంది. వారిలో ఒకరిని పిలిచే అధికారం రాష్ట్రాన్ని బట్టి విద్యామంత్రికో విశ్వవిద్యాలయ అధ్యక్షునికో ఉంటుంది. 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయ స్థాపనకు మూలపురుషుడైన హంబోల్ట్, బోధనలో పూర్తి స్వేచ్ఛ కోరుతూనే, ఆచార్యుల నియామకం మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్నాడు. అధ్యాపకులకే వదిలేస్తే వర్గాలు ఏర్పడతాయన్న ఆయన భయం నేటికీ తోసిపుచ్చదగినది కాదు.

భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఎంపిక సంఘానికి వైస్ చాన్సలర్ అధ్యక్షత వహిస్తారు. చాన్సలర్ లేదా విజిటర్ (కేంద్ర విశ్వవిద్యాలయాలలో రాష్ట్రపతి) ప్రతిపాదించిన ఒక విద్యావేత్త, ముగ్గురు విషయ నిపుణులు, డీన్, విభాగాధిపతి సభ్యులుగా ఉంటారు. అభ్యర్థుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళా, దివ్యాంగ వర్గాలవారు ఉండి, సంఘంలో ఆ వర్గం నుంచి ఎవరూ లేకపోతే, వారి ప్రతినిధిగా మరొక విద్యావేత్తను చేర్చాలి. కనీసం నలుగురు, వారిలో ఇద్దరు బయటి విషయ నిపుణులు లేనిదే సమావేశం చెల్లదు.

జవాబు (బయటి నిపుణునిగా కొన్ని సంఘాలలో కూర్చున్న అధ్యాపకుడు):
పై వివరణ సరైనదే. కాని సంఘంలో ఎవరున్నారన్నదానికంటే, వారిని ఎవరు ఎంచారు, వారి ముందుకు ఏ పేర్లు వచ్చాయి అన్నవి ముఖ్యమని నా అభిప్రాయం. ఆ ముగ్గురు నిపుణులను ఆమోదిత జాబితా నుంచి ఎంచేది వైస్ చాన్సలరే. కనుక ఒక్కొక్కరూ నిష్పక్షపాతంగా ఉన్నా, మొత్తం కూర్పు ఒకే ఆలోచనాధోరణికి మొగ్గవచ్చు.

అంతకుముందే జరిగే పని ఇంకొకటి ఉంది: ప్రకటన రాయడం. ఏ ఉపశాఖలో ప్రత్యేకత కోరాలన్న ఒక్క వాక్యంతోనే దరఖాస్తుదారులలో ఎందరో జల్లెడ పట్టకుండానే రాలిపోతారు. ఒక విశ్వవిద్యాలయంలో, తమ దగ్గర పీహెచ్‌డీ చేసిన అభ్యర్థి ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు కూడా పర్యవేక్షకులు సంఘంలోనే ఉండిపోయారు. ఆ సంబంధాన్ని ఎవరూ ప్రస్తావించలేదు, నేనూ మౌనంగా ఉండిపోయాను. ఆ మౌనం తప్పేనని నేటికీ నమ్ముతున్నాను. జర్మనీలో సొంత విశ్వవిద్యాలయంలోని వారిని అక్కడే ఆచార్యులుగా తీసుకోవడానికి ప్రత్యేక కారణం చూపవలసి రావడం ఇటువంటి సందర్భాలను దృష్టిలో పెట్టుకునే.

జవాబు (విదేశంలో బోధిస్తున్నవారు):
అమెరికాలో విభాగపు అన్వేషణ సంఘం, అధ్యాపకుల ఓటు, డీన్, ప్రోవోస్ట్ (విద్యావ్యవహారాల ప్రధానాధికారి) అంటూ మెట్టుమెట్టుగా దస్త్రం పైకి వెళ్తుంది. చాలాచోట్ల బయటి పండితుల లేఖలూ తెప్పిస్తారు. అధ్యాపక నియామకాలలో ప్రధాన బాధ్యత అధ్యాపకులదేననీ, అరుదైన సందర్భాలలో పాలక మండలి దానిని కాదంటే బలమైన కారణాలను వివరంగా తెలపాలనీ అక్కడి అధ్యాపకుల సంఘం, విద్యాసంస్థల, పాలక మండళ్ల సంఘాలు కలిసి రూపొందించిన 1966 నాటి ఉమ్మడి ప్రకటన చెబుతుంది. దానికి చట్టబలం లేదు. అయినా కారణం రాసి పెట్టడమనే అలవాటు ఒక్కటే ఎన్నో పొరపాట్లను ఆపగా చూశాను. అభ్యర్థి బహిరంగ ప్రసంగానికి విద్యార్థులను పిలిచి, వారి అభిప్రాయాలనూ తీసుకునే విభాగాలున్నాయి, మీరూ అడగవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ప్రకటనను మళ్లీ తీసి చదివాను. అందులో ఒకే ఒక ఉపశాఖ పేరు ఉంది. ఆ వాక్యాన్ని ఏ సమావేశంలో ఖరారు చేశారో మా విభాగాధిపతిగారిని అడుగుతాను. తదుపరి ఖాళీకి వచ్చే అభ్యర్థుల ప్రసంగాలు మా అందరి ముందూ జరిగేలా చూడమని కూడా కోరుతాను.