నల్గొండలో లిథాప్స్ ఎందుకు కుళ్లిపోతున్నాయి?

ప్రశ్న (నల్గొండ)

నమస్కారం. గులకరాళ్లలా కనిపించే లిథాప్స్ మొక్కలు నాలుగింటిని నిరుడు దీపావళి తర్వాత తెప్పించి, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపి నాటి, డాబా మీద ఎండలో పెట్టాను. సంక్రాంతి నాటికి నడిమి చీలికలోంచి కొత్త ఆకుల జత కనిపించగానే సంతోషపడి నాలుగు రోజులకొకసారి నీళ్లు పోశాను. మే నెలలో ముడతలు పడితే దాహమనుకుని మరింత పోశాను. మృగశిర కార్తె వానలకు రెండు మొక్కలు మెత్తబడి కుళ్లిపోయాయి. మిగిలిన రెండింటిలో ఒకదానికి పాత ఆకులు ఇంకా ఎండనే లేదు. ఎడారి మొక్క మన ఎండకే తట్టుకోకపోతే ఎలా? వీటినైనా దక్కించుకునే దారి చెప్పగలరు.

జవాబు 1 (మహబూబ్‌నగర్)

మీ మొక్కలను చంపింది ఎండ కాదు, నీరే. లిథాప్స్ పుట్టిల్లు దక్షిణాఫ్రికా, నమీబియా. అక్కడ వాన చాలా తక్కువ కాబట్టి కొత్త జత తనకు కావలసిన తేమను పాత ఆకుల నుంచే పీల్చుకుంటుంది, అవి కాగితంలా ఎండిపోతాయి. ఆ సమయంలో మనం నీళ్లు పోస్తే పాత ఆకులు ఎండవు, జత మీద జత పేరుకుని మొక్క బలహీనపడుతుంది. మీ రెండో మొక్కకు జరిగింది ఇదే. దాని పాత ఆకులు పూర్తిగా ఎండేదాకా చుక్క నీరు పోయకండి, వాటిని చేత్తో పీకకండి.

వేసవి ముడతలు చాలావరకు నిద్ర లక్షణం. మన దగ్గర మే రాత్రులు కూడా వేడిగానే ఉంటాయి, అప్పుడు మొక్క పెరగదు, నీరు తాగదు, తడిసిన వేళ్లు ఉడికిపోతాయి. నేను ఏడేళ్లలో పోగొట్టుకున్నవన్నీ ఏప్రిల్, జూలై మధ్యనే పోయాయి. దసరా తర్వాత రాత్రులు చల్లబడ్డాక, మట్టి అడుగుదాకా ఎండిన తర్వాతే బాగా తడిపి, కొత్త జత కనిపించగానే ఆపేయండి.

జవాబు 2 (మిర్యాలగూడ)

పైవారి మాటకు మట్టి సంగతి చేర్చాలి. కొబ్బరిపొట్టు ఈ మొక్కకు అస్సలు పనికిరాదు. ఇళ్లు కట్టేచోట దొరికే రోబో ఇసుకను జల్లెడ పట్టి, దుమ్ము పోయేలా కడిగి, ఆ పలుకులు మూడు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు కలపండి. సొంత గడ్డమీద ఈ మొక్క దాదాపు నేలలోనే ఉండి పైముఖం మాత్రమే చూపుతుంది. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లిష్ ప్రకృతి పరిశోధకుడు దాన్ని వింత గులకరాయి అనుకుని చేతిలోకి తీసుకున్నది అందుకే. మీ కుండీలో పక్కలు కూడా బయట పడి ఉంటే చుట్టూ చిన్న కంకర పోయండి. పూర్తి నీడలో పెడితే సాగి పాడవుతుంది కనుక, ఉదయపు ఎండ తగిలి, వాన జల్లు పడని, గాలి ఆడే తూర్పు వసారా మేలు. కుండీ మార్చేటప్పుడు వేళ్ల మధ్య తెల్లటి పిండినల్లి ఉందేమో తప్పక చూడండి.

అడిగినవారు (నల్గొండ)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రమే రెండింటినీ మట్టిలోంచి తీశాను. ఒకదాని వేళ్లు నల్లబడి ఉంటే కత్తిరించి నీడలో ఆరబెట్టాను, రెండోదాని వేళ్లు తెల్లగా, గట్టిగానే ఉన్నాయి. వసారాలో చోటు చూసి, రేపు రోబో ఇసుక తెచ్చి జల్లెడ పడతాను.