కల్గూర్లీ వైపు బంగారం వెతకడానికి వెళ్దామనుకుంటున్నాం, తెలిసినవారు చెప్పండి

పెర్త్ గోదారి:
అందరికీ నమస్కారం. జులై సెలవుల్లో రెండు కుటుంబాలవాళ్లం పెర్త్ నుంచి వెస్టర్న్ ఆస్ట్రేలియా గనుల ఊరు కల్గూర్లీ దాటి లియోనోరా వైపు వెళ్లి, నాలుగైదు రాత్రులు గుడారాల్లో ఉండి, మెటల్ డిటెక్టర్‌తో బంగారం వెతకాలనుకుంటున్నాం. మాకు టొయోటా ప్రాడో (ఫోర్ వీల్ డ్రైవ్) ఉంది, మిత్రుడిది మామూలు ఎస్‌యూవీ. డిటెక్టర్ ఇంకా కొనలేదు. 300 డాలర్లవి కనిపిస్తున్నాయి, ఎనిమిది వేలు దాటినవీ కనిపిస్తున్నాయి. ఏది కొనాలి? ఎక్కడ పడితే అక్కడ తవ్వనిస్తారా? నీళ్లు దారిలో దొరుకుతాయా? మా ఆవిడ అడుగుతున్నది మాత్రం ఒక్కటే: పదేళ్ల పిల్లాడితో అక్కడ రాత్రిళ్లు ఉండటం క్షేమమేనా?

ఎర్రమట్టి:
నేను కల్గూర్లీలో ఉంటాను, గనిలో ఫిట్టర్‌ని. సొంతూరు తుగ్గలి దగ్గర. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం నడుం వంచి తిరిగే జనాన్ని చూస్తూ పెరిగాను కాబట్టి ఈ పిచ్చి నాకు కొత్తేమీ కాదు. అక్కడ కళ్లతో వెతుకుతారు, ఇక్కడ చెవులతో.

డిటెక్టర్ సంగతి చివర చూద్దాం. ముందు కాగితం. డిటెక్టర్ పట్టుకునే ప్రతి పెద్దమనిషికీ మైనర్స్ రైట్, అంటే ఖనిజాలు వెతకడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి పత్రం, ఉండాలి. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఒకసారి కొంటే జీవితాంతం చెల్లుతుంది, ఖరీదు కూడా స్వల్పమే. అయితే అది చేతిలో ఉంటే చాలనుకోకండి. ఏ నేల ఎవరి పేరున ఉందో చూపే గనుల శాఖవారి టెన్‌గ్రాఫ్ పటం ఇంటర్నెట్‌లో తెరిచి చూడండి. పీ (P), ఎమ్ (M) అక్షరాలతో ఉన్న స్థలాలు వేరేవాళ్ల లైసెన్సులు, లీజులు. అక్కడ వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా తవ్వితే దొంగతనం కిందికే వస్తుంది. పశువుల స్టేషన్ (పశువులు మేపే పెద్ద క్షేత్రం) భూమి అయితే స్టేషన్‌వాళ్లకు ముందుగా కబురు చెప్పాలి. ఆదివాసీ రిజర్వుల్లోకి విడిగా పర్మిట్ లేకుండా వెళ్లకూడదు.

తరవాత నీళ్లు. దారిలో దొరుకుతాయన్న ఆశ వదులుకోండి. ఇక్కడి భూగర్భజలం ఉప్పుకషాయం. 1903లో పెర్త్ పక్కనున్న మండేరింగ్ నుంచి 500 కిలోమీటర్లకు పైగా గొట్టం వేసి కల్గూర్లీకి నీళ్లు తెచ్చింది అందుకే. తాగడానికి, వంటకు, కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు పది లీటర్ల లెక్కన, మీరుండే రోజుల కంటే రెండు రోజులకు ఎక్కువగా పట్టుకెళ్లండి. అన్నీ ఒకే డ్రమ్ములో పోయకండి, చిన్న క్యాన్లలో సర్దండి. ఒకటి కారినా మిగతావి ఉంటాయి.

పిల్లాడి సంగతి. జులై ఇక్కడ చలికాలం, పాముల భయం తక్కువ, చలికి బయట పెద్దగా తిరగవు. నాకు భయం పాత గని గుంతలంటే. 1890ల నుంచి తవ్వి వదిలేసిన నిలువు బావులు పొదల మధ్య నోరు తెరుచుకుని ఉంటాయి, చుట్టూ కంచె ఉండదు. పిల్లాణ్ణి ఒంటరిగా అడుగు కదలనివ్వకండి. చీకటి పడ్డాక పెద్దవాళ్లు కూడా క్యాంపు దాటకూడదు. దారి తప్పడం రెండో ప్రమాదం. ముల్గా అనే ఇక్కడి తుమ్మజాతి చెట్ల పొదల్లో ఏ దిక్కు చూసినా ఒకేలా ఉంటుంది, చెవులకు హెడ్‌ఫోన్లు, చూపు నేలమీద, అలా గంట నడిస్తే కారు ఎటుందో దేవుడికే తెలియాలి. జీపీఎస్‌లో క్యాంపు గుర్తు పెట్టుకున్నాకే కదలండి. ఊరు దాటిన కాసేపటికే ఫోన్ సిగ్నల్ పోతుంది, అందుకే పీఎల్‌బీ అనే అత్యవసర బీకన్ (ఆపదలో మీరున్న చోటును ఉపగ్రహం ద్వారా తెలిపే చిన్న పరికరం) నడుముకు ఉండాలి, కారులో పెడితే లాభం లేదు. దాన్ని రిజిస్టర్ చేయడం ఉచితం. కారు చెడిపోతే కారు దగ్గరే ఉండండి. విమానంలోంచి వెతికేవాళ్లకు మనిషి కంటే కారే ముందు కనబడుతుంది.

చలి కూడా తక్కువేమీ కాదు. తెల్లవారుజామున అయిదు డిగ్రీలు మామూలే, ఒక్కోసారి సున్నాకు దిగుతుంది. దుప్పట్లు ఎక్కువగా తీసుకెళ్లండి. పప్పుకు కుక్కర్ తీసుకెళ్తే గ్యాసూ నీళ్లూ రెండూ మిగులుతాయి.

ఇక డిటెక్టర్. ఇక్కడి ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. 300 డాలర్ల వీఎల్‌ఎఫ్ యంత్రం (చవక రకం డిటెక్టర్) ప్రతి ఇనుపరాయికీ అరుస్తుంది, మధ్యాహ్నానికి మీరే విసిరికొడతారు. ఇనుము ఎక్కువున్న మట్టిలోనూ పనిచేసే పల్స్ ఇండక్షన్ అనే ఖరీదైన రకం కావాలి. కొనకండి, అద్దెకు తీసుకోండి. కాయిల్ (డిటెక్టర్ కిందిభాగాన ఉండే పళ్లెం) నేలను దాదాపు తాకుతూ, నెమ్మదిగా కదలాలి. బూట్లకు ఇనుప ముక్కు ఉండకూడదు, యంత్రం దానికే అరుస్తుంది. పికాసికి అయస్కాంతం అంటించుకుంటే పాత మేకులు దానికే పట్టుకుంటాయి.

బెండిగో బాబాయ్:
ఎర్రమట్టి గారు కుర్రాళ్లను బెదరగొడుతున్నారు! 1980లో మా విక్టోరియాలో, కింగవర్ దగ్గర, 27 కిలోల ముద్ద దొరికింది మెటల్ డిటెక్టర్‌కే. హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అని పేరు. అదీ లోతుగా ఏమీ లేదు. నా దగ్గరున్నది చవక వీఎల్‌ఎఫ్, దాంతోనే గోధుమ గింజంత ముక్కలు తీస్తున్నాను. మా దగ్గర మైనర్స్ రైట్ పదేళ్లకు ఇస్తారు, పట్నం పావుగంట దూరంలో ఉంటుంది, సాయంత్రానికి ఇంటికొచ్చి కాఫీ తాగొచ్చు.

ఎర్రమట్టి:
బాబాయ్ గారూ, గోధుమ గింజ ముక్కలకు వీఎల్‌ఎఫ్ బాగానే పనిచేస్తుంది, కాదనను. మీ నేల వేరు, మా నేల వేరు. 27 కిలోల కథ మాత్రం కొత్తవాళ్లకు చెప్పకండి, గుంత గుంతకూ అదే కనబడుతుంది. మా దగ్గరా 1931లో లార్కిన్‌విల్‌లో గోల్డెన్ ఈగిల్ అనే 35 కిలోల బంగారు ముద్ద దొరికింది. అది విని బయలుదేరినవాళ్లకు దొరికేవి సీసపు తూటాలు, డబ్బా రేకులు, పాత గనివాళ్ల బూటు మేకులు.

పెర్త్ గోదారి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మా ఆవిడకు చదివి వినిపించాను, గుంతల దగ్గర ముఖం మార్చింది కానీ వద్దనలేదు. టెన్‌గ్రాఫ్ తెరిస్తే లియోనోరా చుట్టూ అంతా రంగులే, చాలావాటిమీద E అనే అక్షరం ఉంది. అంటే ఖాళీ జాగా లేనట్టేనా?

ఎర్రమట్టి:
E అంటే ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్సు, ఖనిజాల అన్వేషణకు వేరేవాళ్లు తీసుకున్నది. నిరాశపడకండి, అక్కడికి 40ఈ పర్మిట్ అని ఒకటి ఉంది. మైనర్స్ రైట్ ఉన్నవాళ్లు మైనింగ్ రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పది బ్లాకుల (పటంలో నేలను విడదీసిన గళ్లు) వరకు, మూడు నెలలకు ఇస్తారు. చేతి పనిముట్లే వాడాలి, రెండు మీటర్ల లోతు దాటకూడదు. సమయం పడుతుంది కాబట్టి ఈ వారమే పెట్టండి. బ్లాకులు ఎంచుకునేటప్పుడు పాత తవ్వకాల పక్కనున్నవి చూడండి. బంగారం దొరికిన చోటే ఇంకా బంగారం ఉంటుంది, ముందువాళ్లు హడావిడిగా వదిలేసిన సన్నటి చప్పుళ్లే మీ వాటా. పైమట్టి గీకగానే చప్పుడు మాయమైతే చాలావరకు అది నేల చప్పుడే. తవ్వేకొద్దీ స్పష్టమైతే ఆగకండి. తవ్విన ప్రతి గుంతా పూడ్చాలి, అది చట్టం, పశువుల కాళ్లు విరగకుండా ఉండటానికి కూడా.

మిత్రుడి ఎస్‌యూవీ గ్రేడర్ యంత్రంతో చదును చేసిన మట్టిరోడ్డు దాటకుండా ఆపండి, లోపలికి ప్రాడోలోనే వెళ్లండి. ముల్గా మోడులు టైర్లను చీల్చేస్తాయి, రెండు స్పేర్లు పెట్టుకోండి. బయలుదేరే ముందు రోజు షైర్ (స్థానిక పాలక సంస్థ) వాళ్ల రోడ్ల వివరాలు చూడండి. వాన పడితే మట్టిరోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డుమీద బండి నడిపితే జరిమానా. కల్గూర్లీలో ఆగినప్పుడు ఇక్కడ కబురు పెడితే, నాకు షిఫ్టు లేకపోతే యంత్రం ట్యూనింగ్ చూపిస్తాను.